గద్దె మారితే పాత ప్రమాణం ఏమవుతుంది?

సంక్షిప్తంగా: పాలకుడు కూలిపోయాక అధికారం ఎవరి చేతికి చిక్కిందో రోజుల్లోనే తేలిపోతుంది. పాత పాలకుడికి చేసిన ప్రమాణం నుంచి ఉద్యోగిని, జడ్జిని, మతగురువును విడిపించేది ఎవరన్నది మాత్రం ఏళ్లు గడిచినా తేలదు. 1688 తర్వాత ఇంగ్లండ్‌లో ఈ చిక్కు ఎలా పుట్టిందో, కొత్త ప్రభుత్వం దాన్ని ఎక్కడ సడలించి ఎక్కడ బిగించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాకిస్తాన్ న్యాయమూర్తులు, 1948 నాటి హైదరాబాద్ సంస్థానం పోలికకు వస్తాయి.

2024 ఆగస్టు 5న షేక్ హసీనా ఢాకా విడిచి భారత్ చేరుకున్నారు. ఆమె రాజీనామా తనకు అందిందని బంగ్లాదేశ్ రాష్ట్రపతి షహాబుద్దీన్ ఆ రాత్రే దేశ ప్రజలకు చెప్పారు. అక్టోబరులో ఆయనే, ఆ రాజీనామాకు కాగితం రూపంలో ఆధారమేదీ తన దగ్గర లేదని ఒక సంపాదకుడితో అన్నట్టు వార్త వచ్చింది. రాష్ట్రపతి భవనం ముందు మళ్లీ ఆందోళనలు మొదలయ్యాయి. అప్పటికి హసీనా ప్రభుత్వం ఆచూకీ లేదు, తాత్కాలిక ప్రభుత్వం రెండు నెలలుగా పనిచేస్తోంది. అయినా ఒక కాగితం గురించి అంత పట్టుదల ఎందుకంటే, పాలకుడు తానే దిగిపోవడం వేరు, దిగకుండానే వెళ్లిపోవడం వేరు. మొదటి దాంట్లో పాత విధేయత దానంతట అదే ముగుస్తుంది. రెండో దాంట్లో ఎవరో ఒకరు దాన్ని తెంచాలి.

ఈ తేడా మీదే 1689 జనవరిలో లండన్‌లో రెండు సభలు వారం రోజులకు పైగా తగవుపడ్డాయి.

రాజముద్ర నదిలో పడిన రాత్రి

రెండో జేమ్స్ 1685లో గద్దెనెక్కాడు. రాజు క్యాథలిక్, దేశం ప్రధానంగా ప్రొటెస్టంట్. తన మతస్థులపై ఉన్న నిషేధ చట్టాలను రాజాధికారంతో పక్కన పెడుతూ ప్రకటనలు జారీ చేశాడు. 1688 జూన్ 10న కొడుకు పుట్టడంతో తర్వాతి రాజు కూడా క్యాథలిక్కే అవుతాడని స్పష్టమైంది. పరుపు వెచ్చబెట్టే పాత్రలో ఎవరి బిడ్డనో రహస్యంగా తెచ్చి రాణి పక్కన పడుకోబెట్టారన్న పుకారు అప్పుడే పుట్టింది. దాన్ని నమ్మినవాళ్లకు ఒక వెసులుబాటు దొరికింది: బిడ్డ వారసుడే కాకపోతే, ‘రాజుకు, ఆయన వారసులకు’ అంటూ చేసిన పాత ప్రమాణం ఆ బిడ్డకు వర్తించదు.

నవంబరు 5న జేమ్స్ అల్లుడు, ఆరెంజ్ ప్రభువు విలియం సైన్యంతో టోర్‌బేలో దిగాడు. (ఈ తేదీలన్నీ నాటి ఇంగ్లండ్ పంచాంగం ప్రకారం, ఐరోపాలో చాలా దేశాలు వాడుతున్న పంచాంగం కన్నా అది పది రోజులు వెనకబడి ఉండేది.) జేమ్స్ సైన్యం నుంచి అధికారులు ఒక్కొక్కరే జారుకున్నారు. డిసెంబరు 11 తెల్లవారకముందే రాజు లండన్ వదిలాడు. పోతూ పోతూ కొత్త పార్లమెంటును పిలిచే ఉత్తర్వులను తగలబెట్టాడు, రాజముద్రను థేమ్స్ నదిలో పడేశాడు.

ఇది కోపంలో చేసిన పని కాదు. రాజముద్ర లేకుండా ఎన్నికల ఉత్తర్వులు చెల్లవు, ఆ ఉత్తర్వులు లేకుండా పార్లమెంటు లేదు, పార్లమెంటు లేకుండా కొత్త రాజును చట్టబద్ధం చేయడం కుదరదు. వెళ్లిపోతున్న రాజు తన వెనుక ఏ పనీ చట్టప్రకారం జరగకుండా తలుపు మూశాడన్నమాట. ఫావర్‌షామ్ దగ్గర జాలరులు పట్టుకోవడంతో మళ్లీ లండన్ రావలసి వచ్చినా, డిసెంబరు 23న ఫ్రాన్స్‌కు తప్పించుకున్నాడు. రాచెస్టర్‌లో కాపలా కావాలనే పలచగా ఉంచారు. చేతికి చిక్కిన రాజు కంటే పారిపోయిన రాజే విలియంకు పనికొచ్చేవాడు.

తప్పుకున్నాడా, విడిచిపోయాడా

రాజు పిలవలేదు కాబట్టి 1689 జనవరి 22న కూడిన సభకు పార్లమెంటు అనే పేరు లేదు, కన్వెన్షన్ అన్నారు. జేమ్స్ రాజుకూ ప్రజలకూ మధ్య ఉన్న మూల ఒప్పందాన్ని మీరాడనీ, దేశం విడిచి వెళ్లడం ద్వారా పాలన నుంచి తప్పుకున్నాడనీ, సింహాసనం ఖాళీ అయిందనీ జనవరి 28న సామాన్యుల సభ తీర్మానించింది. ప్రభువుల సభ ఒప్పుకోలేదు. ‘తప్పుకున్నాడు’ బదులు ‘విడిచిపోయాడు’ అనాలన్నది. వంశపారంపర్య రాజ్యంలో సింహాసనం ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండదన్నది.

అంతకంటే ముఖ్యమైన ఓటు జనవరి 29న జరిగింది. జేమ్స్‌ను పేరుకు రాజుగానే ఉంచి, పాలనను రీజెంటుకు, అంటే రాజు పేరిట పాలించే ప్రతినిధికి, అప్పగిద్దామన్న ప్రతిపాదన ప్రభువుల సభలో 49–51తో ఓడిపోయింది. అది నెగ్గి ఉంటే ఎవరూ పాత ప్రమాణం తప్పనక్కర్లేదు; రాజు అలాగే ఉంటాడు, పని మాత్రం వేరొకరు చేస్తారు. రెండు ఓట్ల తేడాతో ఆ దారి మూసుకుపోయింది. తర్వాత పదమూడేళ్లు దేశాన్ని వేధించిన చిక్కు అక్కడే మొదలైందనాలి. ఫిబ్రవరి 6న ప్రభువులు దిగివచ్చారు, 13న విలియంకు, ఆయన భార్య, జేమ్స్ కూతురు మేరీకి కిరీటం ఇచ్చారు.

ప్రమాణంలో లేని మాటలు

కొత్త ప్రమాణం రాసినవాళ్లకు చిక్కు తెలుసు. ‘రాజు విలియం, రాణి మేరీలకు విశ్వాసంగా ఉంటాను, నిజమైన విధేయత చూపుతాను’ అన్నంత వరకే రాశారు. పాత ప్రమాణాల్లో ఉండే ‘హక్కుదారైన, చట్టబద్ధమైన రాజు’ అన్న మాటలు తీసేశారు. దాంతో విలియంకు గద్దె మీద హక్కుందా లేదా అన్న ప్రశ్న జోలికి పోకుండానే ఎవరైనా ప్రమాణం చేయవచ్చు. నా నడవడి నీకు కట్టుబడి ఉంటుంది, నా నమ్మకం నా దగ్గరే ఉంటుంది అన్న సర్దుబాటు అది. ఎక్కువమంది ఆ వెసులుబాటునే వాడుకున్నారు. శాంతంగా లోబడి ఉండటం వరకే దీని అర్థం అని తమకు తాము చెప్పుకుని ప్రమాణం చేసిన మతగురువులు చాలామంది.

గడువులు మాత్రం కఠినంగా పెట్టారు. 1689 ఆగస్టు 1 లోపు ప్రమాణం చేయని మతగురువు, విశ్వవిద్యాలయ ఫెలో ఆ రోజు నుంచి సస్పెండు అవుతారు. మరో ఆరు నెలల్లో, అంటే 1690 ఫిబ్రవరి 1 నాటికి కూడా మనసు మార్చుకోకపోతే పదవి, దానితో వచ్చే ఇల్లు, మాన్యం ఆదాయం అన్నీ పోతాయి. నిరాకరించినవారిలో 12 మందికి మించకుండా, వాళ్ల పాత ఆదాయంలో మూడో వంతు దాటకుండా భృతి ఇచ్చే అధికారాన్ని రాజుకు ఇచ్చారు.

పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊరు) గురువుకు మాన్యం పోవడమంటే కుటుంబం మొత్తం వీధిన పడటమే. ఆయనకు వేరే వృత్తి రాదు. చట్టం కోరేది ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం పలకలేక దాదాపు 400 మంది అన్నీ వదులుకున్నారు. వీళ్లకు నాన్‌జ్యూరర్లని, అంటే ప్రమాణం చేయనివాళ్లని, పేరు వచ్చింది. దేశంలో ఉన్న వేల పారిష్‌లతో పోలిస్తే ఈ సంఖ్య చిన్నదే. వాళ్లలో ఎవరెవరున్నారో చూస్తే అసలు బరువు తెలుస్తుంది.

జైలుకు వెళ్లినవాళ్లే ఎందుకు కాదన్నారు

1688 మే నెలలో తన ప్రకటనను చర్చిల్లో చదవాలని జేమ్స్ ఆదేశిస్తే కాంటర్‌బరీ ఆర్చిబిషప్ విలియం సాన్‌క్రాఫ్ట్, మరో ఆరుగురు బిషప్పులు అది చట్టవిరుద్ధమని అర్జీ పెట్టారు. రాజు వాళ్లను లండన్ టవర్‌లో పెట్టించి రాజద్రోహపూరిత రచన కింద విచారణ జరిపించాడు. జూన్ 30న జ్యూరీ నిర్దోషులని తేల్చడంతో లండన్ వీధుల్లో దీపాలు వెలిగాయి. జేమ్స్ పతనానికి ఆ తీర్పు పెద్ద మెట్టు. అదే రోజు ఏడుగురు ప్రముఖులు విలియంను రమ్మని ఉత్తరం రాశారు.

ఆ ఏడుగురు బిషప్పుల్లో ఐదుగురు, సాన్‌క్రాఫ్ట్, కెన్, టర్నర్, వైట్, లేక్, మరుసటి ఏడాది విలియంకు ప్రమాణం చేయలేదు. లాయిడ్, ట్రెలానీ మాత్రమే చేశారు. జేమ్స్‌ను ఎదిరించి జైలుకెళ్లినవాళ్లే జేమ్స్ కోసం పదవులు పోగొట్టుకున్నారన్నది పైకి పొంతన లేని విషయంగా కనిపిస్తుంది. వాళ్ల దృష్టిలో రెండూ ఒకటే సూత్రం. రాజు అధర్మమైన పని చేయమంటే చేయకూడదు. చేయనందుకు వేసే శిక్షను మాత్రం తిరగబడకుండా అనుభవించాలి. 1688లో ప్రకటన చదవకపోవడం మొదటి సగం, టవర్‌కు నడిచి వెళ్లడం రెండో సగం. రాజును దించి వేరొకరిని ఎక్కించడానికి ఈ సూత్రంలో చోటు లేదు. రాజు చెడ్డవాడైతే ప్రమాణం రద్దవుతుందన్న షరతు వాళ్లు చేసిన ప్రమాణంలో లేదు, ‘మిమ్మల్ని విడుదల చేస్తున్నాను’ అని జేమ్స్ అనలేదు. జేమ్స్ పాలన వాళ్లకు నచ్చిందని కాదు. తాము దేవుడి ముందు పలికిన మాటను రద్దుచేసే అధికారం ఓట్ల లెక్కకు లేదని వాళ్ల వాదన. దాన్ని మొండితనమని కొట్టిపారేయడం సులువు. కానీ అదే పట్టుదల ఏడాది ముందు దేశానికి అక్కరకొచ్చిందని గుర్తుంచుకోవాలి.

మొత్తం తొమ్మిదిమంది బిషప్పులు నిరాకరించారు. ముగ్గురు గడువు ముగిసేలోపే చనిపోయారు, ఆరుగురి పదవులు పోయాయి. 1691లో సాన్‌క్రాఫ్ట్ స్థానంలో టిలట్‌సన్‌ను నియమించారు. అక్కడ రెండో చిక్కు పుట్టింది. బిషప్పును పార్లమెంటు తీసేయగలదా, చర్చి మాత్రమే తీసేయాలా? పార్లమెంటుకు ఆ అధికారం లేదని నమ్మినవాళ్లు 1694లో రహస్యంగా తమ బిషప్పులను తామే ప్రతిష్ఠించుకున్నారు. రాజు గురించిన తగవు చర్చిలో చీలికగా మారింది. కెన్ ఆ చీలికను కొనసాగించడానికి ఇష్టపడలేదు. పండితుడు హెన్రీ డాడ్వెల్ ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవి పోగొట్టుకున్నవాడే అయినా, పాత బిషప్పుల్లో మిగిలిన లాయిడ్ (నార్విచ్ బిషప్, పైన చెప్పిన లాయిడ్ కాదు) 1710లో చనిపోగానే పారిష్ చర్చికి తిరిగి వెళ్లాడు. అన్యాయంగా తొలగించిన బిషప్ బతికున్నంత కాలమే వేరుగా ఉండాలని ఆయన లెక్క.

ప్రమాణం చేసినవాళ్లు ఏమని చేశారు

నాటింగ్‌హామ్ ప్రభువు డేనియల్ ఫించ్ రీజెన్సీ కోసం గట్టిగా వాదించాడు. ఓడిపోయాక ప్రమాణం చేసి విలియంకు మంత్రిగా పనిచేశాడు. కొత్త రాణికి స్వయానా మేనమామ అయిన క్లారెండన్ ప్రభువు మాత్రం చేయలేదు. ఇద్దరూ సభలో ఒకే పక్షాన నిలిచినవాళ్లే. హక్కు ఎవరిదన్నది తేలకపోయినా ఎవరో ఒకరు పాలిస్తుంటే లోబడవచ్చని మొదటివాడు అనుకున్నాడు, రెండోవాడు అనుకోలేదు.

నాటింగ్‌హామ్ దారికి పాత చట్టం ఆసరా ఉంది. గులాబీల యుద్ధాల్లో గద్దె పదేపదే చేతులు మారాక, ఏడో హెన్రీ కాలంలో 1495లో, ప్రస్తుతం గద్దె మీద ఉన్న రాజు పక్షాన పనిచేసినవాణ్ని తర్వాత వచ్చే రాజు ద్రోహిగా శిక్షించకూడదని చట్టం చేశారు. ఇది రక్షణే కానీ దీనికో హద్దుంది. మొదటి చార్లెస్ తల నరికాక వచ్చిన, రాజు లేని కామన్‌వెల్త్ ప్రభుత్వానికి పనిచేసిన సర్ హెన్రీ వేన్ 1662లో విచారణలో ఇలాంటి వాదనే వినిపించాడు. అప్పట్లో వాస్తవ అధికారం పార్లమెంటుదేనన్నాడు. రెండో చార్లెస్ ప్రవాసంలో ఉన్నా రాజేనని జడ్జీలు తీర్పు చెప్పారు. జూన్ 14న వేన్ తల తీశారు. రాజుకు బదులు రాజు వస్తే ఆ చట్టం కాపాడుతుంది, అసలు రాజరికమే పోతే కాపాడదు అని ఆ కేసు చెప్పింది.

ఇదే కామన్‌వెల్త్ 1650 జనవరిలో పద్దెనిమిదేళ్లు దాటిన పురుషులందరి చేతా, రాజూ ప్రభువుల సభా లేని ప్రభుత్వానికి కట్టుబడి ఉంటామని మాట ఇప్పించుకుంది. రక్షించే శక్తి ఉన్నంత కాలమే విధేయత ఉంటుందన్న థామస్ హాబ్స్ వాదం 1651లో ఆ రగడ మధ్యే అచ్చయింది. 1689 నాటి మతగురువులకు ఆ వాదం పేరెత్తడానికే ఇబ్బంది. అది నాస్తికుడి మాటగా చలామణి అయింది, పైగా కామన్‌వెల్త్‌ను ఏలిన క్రామ్‌వెల్‌కూ సరిపోతుంది.

విలియం షెర్లాక్ అనే ప్రసిద్ధ ప్రబోధకుడి ఉదంతం ఇక్కడ దగ్గరగా చూడదగినది. ఆయన 1689 ఆగస్టులో నిరాకరించి సస్పెండు అయ్యాడు. 1690 జూలై 1న ఐర్లండ్‌లో బాయిన్ నది దగ్గర జేమ్స్ ఓడి ఫ్రాన్స్‌కు తిరిగి వెళ్లాక, ఆగస్టులో ప్రమాణం చేశాడు. కారణంగా ఒక పాత చర్చి గ్రంథాన్ని చూపించాడు. 1606లో చర్చి సమావేశం ఆమోదించినా ఒకటో జేమ్స్‌కు నచ్చక మూలపడిన ఆ గ్రంథాన్ని 1690లో అచ్చువేయించింది సాన్‌క్రాఫ్టే. తిరుగుబాటు తప్పని అది తన పక్షానికి బలమిస్తుందనుకున్నాడు. తిరుగుబాటుతో పుట్టిన ప్రభుత్వమైనా పూర్తిగా స్థిరపడ్డాక దానికి దేవుడి అధికారం ఉంటుందని కూడా అందులో ఉంది. షెర్లాక్ ఆ వాక్యాన్ని పట్టుకున్నాడు. ఎప్పుడు స్థిరపడినట్టు, ఎవరు నిర్ణయిస్తారు, అలాగైతే క్రామ్‌వెల్ కూడా దేవుడి ప్రతినిధేనా అని కరపత్రాల వర్షం కురిసింది. 1691లో ఆయనకు సెయింట్ పాల్స్ డీన్ పదవి రావడంతో, మనసు మారడానికి కారణం గ్రంథమా పదవా అన్న అనుమానం ఆయన్ను జీవితాంతం వదల్లేదు. వాదన బలహీనమైందని మాత్రం అనలేం. ప్రమాణం చేసిన చాలామంది చెప్పుకున్నది దాదాపు ఇదే.

సడలించిన ముడిని బిగించిన ఏడాది

1701 సెప్టెంబరులో జేమ్స్ ఫ్రాన్స్‌లో చనిపోయాడు. పాత ప్రమాణం పట్టు అంతటితో తీరిపోవాల్సింది. కానీ ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ, జేమ్స్ కొడుకును ఇంగ్లండ్ రాజుగా గుర్తించాడు. జవాబుగా పార్లమెంటు కొత్త ప్రమాణం తెచ్చింది. 1702 మార్చిలో విలియం మరణశయ్య మీద ఉండగా దానికి ఆమోదం పడింది. ‘హక్కుదారైన, చట్టబద్ధమైన’ అన్న మాటలు తిరిగి వచ్చాయి. జేమ్స్ కొడుకుకు ఏ హక్కూ లేదని మనస్ఫూర్తిగా నమ్ముతున్నానని కూడా పలకాలి.

నడవడిని అడిగే ప్రమాణం నమ్మకాన్ని అడిగే ప్రమాణంగా మారింది. 1689లో నోరు మెదపకుండా లోబడినవాళ్లలో కొందరు ఇప్పుడు తప్పుకున్నారు. 1714లో జర్మనీ నుంచి ఒకటో జార్జి వచ్చాక ఈ ప్రమాణం చేయలేక విలియం లా కేంబ్రిడ్జిలో ఫెలోషిప్ వదులుకున్నాడు. ఆయన పుట్టింది 1686లో. జేమ్స్‌కు ప్రమాణం చేసే వయసు ఆయనకు ఏనాడూ లేదు. అంటే మొదటి తరానికి ఇచ్చిన మాట సమస్య, రెండో తరానికి అడిగిన మాట సమస్య. రెండోది ప్రభుత్వం చేజేతులా తెచ్చిపెట్టుకున్నది.

పాకిస్తాన్: ప్రమాణమే జల్లెడ

1999 అక్టోబరు 12న జనరల్ ముషారఫ్ నవాజ్ షరీఫ్ ప్రభుత్వాన్ని కూల్చాడు. ఆ తిరుగుబాటు చెల్లదన్న పిటిషన్లు సుప్రీంకోర్టు ముందు ఉండగానే, 2000 జనవరి చివరలో ఉన్నత న్యాయమూర్తులు మళ్లీ ప్రమాణం చేయాలని ఆదేశం వచ్చింది. ఈసారి రాజ్యాంగానికి బదులు సైనిక ప్రభుత్వపు తాత్కాలిక రాజ్యాంగ ఉత్తర్వుకు కట్టుబడాలి. ప్రధాన న్యాయమూర్తి సయీదుజ్జమాన్ సిద్దిఖీతో సహా సుప్రీంకోర్టులో ఆరుగురు నిరాకరించి ఇంటికి వెళ్లారు. మిగిలినవారితో, కొత్తవారితో ఏర్పడిన ధర్మాసనం మే 12న తిరుగుబాటును అవసరం పేరిట సమర్థించి, ఎన్నికలకు మూడేళ్ల గడువు ఇచ్చింది.

1689తో ఇక్కడే తేడా. విలియం ప్రభుత్వం ప్రమాణాన్ని వీలైనంత ఎక్కువమందిని లోపల ఉంచుకోవడానికి రాసింది. ముషారఫ్ ప్రభుత్వం ఎదురు తీర్పు చెప్పగలవారిని బయటికి పంపడానికి వాడింది. 2007 నవంబరు 3న అదే ఎత్తు మళ్లీ వేస్తే న్యాయవాదులు వీధికెక్కారు. 2009 జూలై 31న సుప్రీంకోర్టు ఆ నవంబరు చర్యలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆనాడు ప్రమాణం చేసిన జడ్జీలు అందుకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

హైదరాబాద్: విడుదల చేసిన పాలకుడు

హైదరాబాద్ సంస్థానంలో విధేయతకూ మనస్సాక్షికీ మధ్య పోరు పాలన కూలకముందే జరిగింది. 1948లో రజాకార్ల దాడులు పెరిగాక న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు. భారత్‌లో విలీనం కావాలని రాసిన ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆగస్టు 21 రాత్రి హత్య చేశారు. సంస్థానం మేలు వేరు, దాన్ని నడుపుతున్నవాళ్ల మాట వేరు అని ఆయన బహిరంగంగా చెప్పారు.

సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న ముగిసింది. లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది, కాల్పుల విరమణను ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తానే రేడియోలో ప్రకటించారు. 18న సంస్థాన సేనాని ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురికి లొంగిపోయారు. నిజాం పారిపోలేదు, గద్దె దిగలేదు. పాలనాధికారాన్ని మిలిటరీ గవర్నరుకు అప్పగించారు, ఐక్యరాజ్యసమితిలో పెట్టిన ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నట్టు తంతి పంపారు. 1949 నవంబరు 23న భారత రాజ్యాంగాన్ని సంస్థానానికి అంగీకరిస్తూ ఫర్మానా ఇచ్చారు. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 వరకు రాజప్రముఖ్‌గా ఉన్నారు.

అవన్నీ భారత సైన్యం నగరంలో ఉండగా జరిగినవి. స్వేచ్ఛగా జరిగాయని ఎవరూ అనరు. అయినా తాలూకా కచేరీలో కూర్చున్న ఉద్యోగికి వాటి విలువ చాలా ఎక్కువ. సాన్‌క్రాఫ్ట్‌కు జేమ్స్ నుంచి రాని మాట ఈ ఉద్యోగికి నిజాం నుంచి వచ్చింది. కొత్త ప్రభుత్వానికి లోబడటం పాత ప్రభువు ఆజ్ఞ పాటించడమే అయింది. ఆపై రాజ్యాంగం మూడో షెడ్యూలులో మంత్రులు, శాసనసభ్యులు చేసే ప్రమాణం చట్టప్రకారం ఏర్పడిన రాజ్యాంగానికి విశ్వాసం, విధేయత చూపుతామన్నదే. ఏ మనిషి పేరూ అందులో లేదు. పాలకుడు మారినా ఆ ప్రమాణం మారదు. ప్రమాణం నుంచి విడుదల దొరికినంత మాత్రాన అన్నీ సద్దుమణగలేదు. తెలంగాణ పల్లెల్లో భూమి కోసం మొదలైన సాయుధ పోరాటం నిజాం పాలనతో ఆగలేదు, 1951 అక్టోబరు దాకా సాగింది. రైతు ఎవరికీ ప్రమాణం చేసి ఉండలేదు, ఫర్మానాతో అతనికి పని లేదు.

విడుదల మాట ఆలస్యమైతే ఏమవుతుందో లండన్ బ్యాంకు ఖాతా ఒకటి చూపిస్తుంది. 1948 సెప్టెంబరు 20న, లొంగుబాటు జరిగిన రెండు రోజులకు, నిజాం ప్రభుత్వ ఆర్థిక మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని సంస్థానం సొమ్ము 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులను లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతులా పేరిట మళ్లించారు. తన అనుమతి లేకుండా మళ్లించారని, సొమ్ము తిరిగి ఇవ్వాలని నిజాం వారం తిరిగేలోపే బ్యాంకును కోరారు. సంతకం చేసిన నాడు ఆ మంత్రి ఎవరి మనిషి? కూలిపోయిన మంత్రివర్గానికా, నగరంలోనే ఉన్న నిజాంకా, సైనిక గవర్నరుకా? బ్యాంకు ఎటూ కదల్లేక సొమ్మును ఆపేసింది. 1957లో బ్రిటన్ ప్రభువుల సభ, పాకిస్తాన్‌కు సార్వభౌమ రక్షణ (ఒక దేశాన్ని మరో దేశపు కోర్టుకు ఈడ్వకూడదన్న నియమం) ఉంది కాబట్టి దావా నడవదని తేల్చింది. 2013లో పాకిస్తానే దావా వేసి ఆ రక్షణను వదులుకోవడంతో కేసు కదిలింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు ఆ సొమ్ము నిజాందేనని, అది భారత ప్రభుత్వానికీ ఆయన ఇద్దరు మనవళ్లకూ చెందుతుందని తీర్పు చెప్పింది. అప్పటికి అది వడ్డీతో కలిసి దాదాపు 3.5 కోట్ల పౌండ్లయింది.